పళ్ళు చూసి కొన్నవి

ఒంగోలు కర్నూలు రోడ్డులో రెండో అంతస్తు,
ఫ్యాను కింద అట్టపెట్టెలు, పెట్టెల్లో డిస్కులు.
పద్నాలుగు టీబీ ఒక్కోటి.
"రీఫర్బిష్డ్ మేడం, పాతవి కాదు" అన్నాడు కుర్రాడు.
ఎక్కడో మా నాయన నవ్వినట్టయింది.

నాయన ఎడ్ల దళారి.
తువాలు కింద వేళ్ళతో ధర చెప్పేవాడు,
పైకి మాటలన్నీ వానల గురించే.
కొమ్ములు చెక్కి నూనె రాసి
ఆకురాయితో పళ్ళు అరగదీసి
"నాలుగు పళ్ళ కోడె" అని ఎవరన్నా తోలుకొస్తే
నోరు తెరిపించేవాడు కాదు,
మెడ తడిమేవాడు.
"పళ్ళు అబద్ధమాడతయ్యి అమ్మే,
కాడి కాయ ఆడదు."

సంచిలోంచి లాప్‌టాప్ తీసి మొదటిది తగిలించాను.
తిరిగిన గంటలు: ఆరు.
పుట్టిన తేదీ చూస్తే అయిదేళ్ళ కిందట.
అయిదేళ్ళూ కొట్టంలో కూర్చుని మేసిందా?
లోపల ఇంకో పద్దు ఉంటుంది,
దాన్ని తుడవడం అందరికీ గుర్తుండదు.
తెరిచాను. నలభై ఒక్క వేల మూడొందలు.
కుర్రాడు ఫ్యాను వైపు చూశాడు.

రెండోది ఏమీ దాచుకోలేదు.
ముప్ఫై ఎనిమిది వేల నాలుగొందల పన్నెండు గంటలు,
చెడ్డ సెక్టార్లు సున్నా,
వీపు మీద ఎవరో మార్కరుతో రాసి కొట్టేసిన అంకె.
ఇది కావాలన్నాను.
దీనికి జతగా ఇంకోటి, వేరే లాటుది, వేరే నెలలో పుట్టింది.
ఒక్క ఈత దూడలు ఒక్క ఎండాకాలమే కుంటుతాయి.
పదహారు వేలన్నాడు. తువాలు లేదు కాబట్టి నోటితోనే ఆడాను.
పదమూడున్నరకి దిగాడు.
ఆర్నెల్ల వారంటీ, బిల్లు మీద తేదీ దగ్గరుండి రాయించాను.

కందుకూరు చుట్టూ పందొమ్మిదేళ్ళ పెళ్ళిళ్ళు మావి.
కెమెరా మాల్యాద్రిది, కోత నాది.
నెల దాకా ఫోన్ల మీద ఫోన్లు,
తర్వాత ఎవరికీ అక్కర్లేదు.
పోయిన వేసవిలో కరెంటు పోయి వచ్చేసరికి ఒక డిస్కు
టిక్కు టిక్కుమని ఊరుకుంది.
నలభై పెళ్ళిళ్ళు.
ఎవరికీ చెప్పలేదు.
నెలకి పలుకూరు నుంచి హజరత్తమ్మ వచ్చింది.
తాళి కట్టడం కాదు, తలంబ్రాలు కాదు,
వంటల దగ్గర తొమ్మిది సెకన్లు కావాలంది.
వాళ్ళక్క గరిటె ఎత్తి
"చారులో ఉప్పు జూసిందెవురయ్యా" అని
వంటాయన్ని నిలదీసే చోటు.
ఆ ముక్క నాకు తెలుసు.
సౌండు బాలేదని నేనే కోసి పక్కన పెట్టాను,
పక్కన పెట్టిన డిస్కే పోయింది.
మజ్జిగ ఇచ్చి పంపాను.

ఇప్పుడివి మంచం కింద చెక్క మీద,
ఒకే కాడికి.
ఏది రాసినా రెండూ రాసుకుంటాయి,
ఒకటి కూలబడితే రెండోది బండి లాగాలి.
అది కూడా నమ్మను.
మూడో కాపీ సింగరాయకొండలో, మా చెల్లెలి బీరువాలో, చీరల మధ్య.

రెండు రోజులు ఖాళీ పొలంలోనే దున్నించాను,
ఈ గట్టు నుంచి ఆ గట్టుకి.
రాత్రి గరగరమని చప్పుడు.
లేచి కూర్చుంటే,
"నెమరేస్తందిలే, పడుకో" అన్నాడు మాల్యాద్రి.

నాయన ఏ డిస్కులోనూ లేడు.
పశువుల సంతకి కెమెరా తీసుకెళ్ళాలని
ఎవరికి తోచింది?

కొత్త ఎద్దు వారం దాకా
పాత ఊరి దారికే తల తిప్పుద్దనేవాడు.
ఇవి ఎక్కడ తిరిగాయో, ఎవరి లెక్కలు మోశాయో,
దారి మొత్తం తుడిచి పంపారు.

కాపీ అరవై మూడు శాతం.
తెట్టు, మాఘమాసం, ఎవరివో అప్పగింతలు
లోపలికి పోతున్నాయి.
కరెంటు పోయింది.
యూపీఎస్ కూత మొదలెట్టింది.
పది నిమిషాలుంటుంది.
మంచం కిందకి వంగి చెయ్యి ఆనించాను.
వెచ్చగా,
తిరుగుతూనే ఉన్నాయి.